కెర్నల్ మారాక గ్రాఫిక్స్ డ్రైవర్ లోడ్ కావట్లేదు, యూఎస్‌బీ ప్రింటర్ కూడా ఆగిపోయింది (ఉబుంటు 24.04)

కొత్తపెంగ్విన్:
డెస్క్‌టాప్ కంప్యూటర్, ఉబుంటు 24.04, ఎన్విడియా కార్డు, 550 డ్రైవర్. అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేశాక రెండు సమస్యలు.

ఒకటి: స్క్రీన్ 1024×768 మీదే ఉండిపోయింది, సెట్టింగ్స్‌లో వేరే రిజల్యూషన్ లేదు. రెండో మానిటర్ కనబడట్లేదు. ఎన్విడియా-ఎస్ఎంఐ కొడితే డ్రైవర్‌తో సంబంధం కుదరలేదని వస్తోంది.

రెండు: ప్రింటు, స్కాన్ రెండూ ఉన్న యూఎస్‌బీ ప్రింటర్. పేజీ పంపితే "ప్రింటర్ అందుబాటులోకి వచ్చేవరకు వేచి ఉంది" అనే మెసేజ్ దగ్గరే ఆగిపోతోంది. ఎల్ఎస్‌యూఎస్‌బీలో (యూఎస్‌బీ పరికరాల జాబితాలో) మాత్రం పేరు కనిపిస్తోంది.

డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, ఫలితం లేదు. రెండిటికీ కారణం ఒకటేనా? తయారీదారు సైట్‌లో ఉన్న రన్ ఫైల్ వేసేయమంటారా?

కెర్నల్‌కాపరి:
రన్ ఫైల్ జోలికి వెళ్లకండి. అది ఫైళ్లను ప్యాకేజీ మేనేజర్‌కు తెలియకుండా సిస్టమ్‌లో పరిచేస్తుంది. తర్వాత ఆప్ట్ అదే లైబ్రరీని అప్‌డేట్ చేసిందంటే సగం ఫైళ్లు ఒక వెర్షన్, సగం ఇంకో వెర్షన్. ఇప్పుడున్న చిక్కు విప్పడమే తేలిక.

తీసి మళ్లీ వేయడం కూడా ఆపండి. ముందు ఏం జరిగిందో చూడాలి. వీటి ఫలితాలు పెట్టండి (కమాండ్లను పలికినట్టు రాస్తున్నాను, అన్నీ చిన్నక్షరాలే, పెద్దక్షరం ఉంటే చెప్తాను):

యునేమ్ -ఆర్
ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే
డీకేఎంఎస్ స్టేటస్
మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్
డీఎఫ్ -హెచ్ /బూట్

మొదటిది ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో చెబుతుంది. రెండోదాంట్లో వీజీఏ అని ఉన్న భాగం ఒక్కటి చాలు. "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే లైన్ ఉందా లేదా అన్నదే అక్కడ అసలు ప్రశ్న. మూడోది డీకేఎంఎస్ (డ్రైవర్లను మీ కంప్యూటర్‌లోనే కంపైల్ చేసే సాధనం) దగ్గర ఏమున్నాయో, నాలుగోది సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే సౌకర్యం) ఆన్‌లో ఉందో లేదో చెబుతాయి. చివరిది ఎందుకంటే, బూట్ పార్టిషన్ నిండిపోతే కొత్త కెర్నల్‌కు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) తయారవదు, దాని వెనక వరుసలో ఉన్న ప్యాకేజీలన్నీ సగంలో ఆగిపోతాయి. గ్రాఫిక్సూ ప్రింటరూ ఒకే రోజు పోయాయంటే ఆ అనుమానం తప్పకుండా తీర్చుకోవాలి.

సిరాచుక్క:
ప్రింటర్ సంగతి నేను చూస్తాను. ఇవి కూడా కావాలి:

ఎల్‌పీస్టాట్ -వీ
సుడో ఎల్‌పీఇన్ఫో -వీ
సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఐపీపీ-యూఎస్‌బీ

ఈమధ్య స్కానింగ్ కోసం కొత్త ప్యాకేజీ ఏమైనా వేశారా?

కొత్తపెంగ్విన్:
కెర్నల్: 6.11.0-17-జెనెరిక్.
ఎల్ఎస్‌పీసీఐలో "కెర్నల్ మాడ్యూల్స్" లైన్‌లో ఎన్విడియాఎఫ్‌బీ, నూవో ఉన్నాయి. "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" లైన్ లేనే లేదు.
డీకేఎంఎస్ స్టేటస్: ఖాళీ.
సెక్యూర్ బూట్: ఎనేబుల్డ్.
బూట్: 41 శాతం నిండింది.

ఎల్‌పీస్టాట్‌లో ప్రింటర్ చిరునామా యూఎస్‌బీ:// తో మొదలవుతోంది. ఎల్‌పీఇన్ఫోలో యూఎస్‌బీ:// లైన్ లేదు, ఐపీపీ:// తో మొదలయ్యేది ఒకటి ఉంది. ఐపీపీ-యూఎస్‌బీ సర్వీస్ యాక్టివ్. స్కానర్ కోసం సేన్-ఎయిర్‌స్కాన్ వేశాను, నిజమే.

కెర్నల్‌కాపరి:
అయితే కారణాలు రెండు, వేర్వేరు. రీస్టార్ట్‌తో రెండూ ఒకేసారి బయటపడ్డాయి.

గ్రాఫిక్స్ సంగతి చూద్దాం. ఉబుంటు 24.04 మొదట 6.8 కెర్నల్‌తో వచ్చింది. మీరిప్పుడు హెచ్‌డబ్ల్యూఈ (అదే ఉబుంటుకు కొత్త కెర్నళ్లు ఇచ్చే) వరుసలోని 6.11 మీద ఉన్నారు. డీకేఎంఎస్ ఖాళీ అంటే మీ ఎన్విడియా మాడ్యూల్ (కెర్నల్‌లో లోడ్ అయ్యే డ్రైవర్ భాగం) మీ కంప్యూటర్‌లో కంపైల్ అయినది కాదు, ఉబుంటు ముందే కంపైల్ చేసి, సంతకం పెట్టి ఇచ్చినది. ఆ ప్యాకేజీ ఒక్కో కెర్నల్ వరుసకు ఒక్కోటి ఉంటుంది. ఇది కొట్టి చూడండి:

డీపీకేజీ -ఎల్ | గ్రెప్ లినక్స్-మాడ్యూల్స్-ఎన్విడియా

పేర్లన్నీ 6.8 తోనే ఉంటే తేలిపోయినట్టే: పాత కెర్నల్‌కు మాడ్యూల్ ఉంది, కొత్తదానికి లేదు.

మరి నూవో (ఎన్విడియా కార్డులకు ఉన్న ఓపెన్ సోర్స్ డ్రైవర్) ఎందుకు అందుకోలేదు? ఎన్విడియా ప్యాకేజీ వేసినప్పుడే నూవోను బ్లాక్‌లిస్ట్‌లో పెడుతుంది, ఎందుకంటే రెండూ ఒకే కార్డును పట్టుకోలేవు. కొత్త కెర్నల్ మీద ఎన్విడియా మాడ్యూల్ లేకపోయినా ఆ బ్లాక్‌లిస్ట్ అలాగే ఉంది. ఇక మిగిలింది ఫర్మ్‌వేర్ బూట్ సమయంలో ఇచ్చిన ఫ్రేమ్‌బఫర్ (తెర మీది బొమ్మ ఉండే మెమరీ). దానికి ఒకటే రిజల్యూషన్, ఒకటే మానిటర్. మీ 1024×768 అదే.

డ్రైవర్ తీసి మళ్లీ వేసినా మారకపోవడానికీ ఇదే కారణం. మీరు మారుస్తూ వచ్చింది యూజర్‌స్పేస్ లైబ్రరీలను (కెర్నల్ బయట ప్రోగ్రాములు వాడే ఫైళ్లను), లేనిది మాడ్యూల్.

పరిష్కారం:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-మాడ్యూల్స్-ఎన్విడియా-550-జెనెరిక్-హెచ్‌డబ్ల్యూఈ-24.04

చివర కెర్నల్ నంబర్ లేని ఈ పేరే వేయండి. ఇది మెటాప్యాకేజీ, ఇకపై కెర్నల్ మారినప్పుడల్లా సరిపోయే మాడ్యూల్‌ను వెంట తెస్తుంది. నంబర్ ఉన్నది వేస్తే వచ్చే అప్‌డేట్‌కు మళ్లీ ఇదే కథ. పేరు గుర్తుండకపోతే "సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్" కూడా నడుస్తున్న కెర్నల్ వరుసను చూసుకునే వేస్తుంది.

పీచుతీగ:
ఇంత ఎందుకండీ, బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేసి డీకేఎంఎస్ ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది కదా?

కెర్నల్‌కాపరి:
పనిచేస్తుంది, కానీ ఆపాల్సిన అవసరం లేదు. సంతకం ఉన్న మాడ్యూల్ దొరుకుతున్నప్పుడు సెక్యూర్ బూట్ అడ్డే కాదు. ఇంకో సంగతి, అదే కంప్యూటర్‌లో విండోస్ కూడా ఉండి డిస్క్‌కు బిట్‌లాకర్ ఉంటే, సెక్యూర్ బూట్ మార్చిన వెంటనే రికవరీ కీ అడుగుతుంది. కీ దగ్గర లేనివాళ్లు చిక్కుల్లో పడతారు.

డీకేఎంఎస్ దారే కావాలనుకునేవారికి (సొంత కెర్నల్, ఇతర డిస్ట్రోలు) వరుస ఇది.

ముందు హెడర్లు (మాడ్యూల్ కంపైల్ చేయడానికి కావాల్సిన కెర్నల్ ఫైళ్లు). "లినక్స్-హెడర్స్-" తర్వాత యునేమ్ -ఆర్ చెప్పిన వెర్షన్ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. హెడర్లు లేకపోతే డీకేఎంఎస్ స్టేటస్‌లో "యాడెడ్" అని మాత్రమే కనిపిస్తుంది. "ఇన్‌స్టాల్డ్" అని, దాని పక్కన ఇప్పటి కెర్నల్ నంబర్ కనిపిస్తేనే పని అయినట్టు. బిల్డ్ మధ్యలో ఆగితే /వార్/లిబ్/డీకేఎంఎస్ కింద ఆ మాడ్యూల్ ఫోల్డర్‌లో మేక్.లాగ్ ఉంటుంది. దాని చివరి లైన్లు కాదు, మొదట "ఎర్రర్" అని వచ్చిన లైన్ చదవండి. తర్వాతవన్నీ దాని వెంట పుట్టినవే.

తర్వాత కీ (మోక్, అంటే కంప్యూటర్ యజమాని తానే చేర్చుకునే సంతకం కీ). మాడ్యూల్ తయారైనా సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా కొట్టినప్పుడు "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" వస్తే, సంతకం ఉంది గానీ ఆ సంతకాన్ని కెర్నల్ నమ్మట్లేదని అర్థం. ఉబుంటులో:

సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/షిమ్-సైన్డ్/మోక్/మోక్.డీఈఆర్

(ఫోల్డర్ పేరులోని మోక్ చిన్నక్షరాలు, ఫైలు పేరులోని మోక్ పెద్దక్షరాలు.) ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. అది ఒక్కసారి వాడి పారేసేదే, అయినా కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది. అక్కడ ఆగేది పది సెకన్లే. ఆలోపు ఏదో ఒక కీ నొక్కి "ఎన్‌రోల్ మోక్", "కంటిన్యూ", "ఎస్" అని వెళ్లి పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది టీ తెచ్చుకునేలోపు ఆ తెర వెళ్లిపోతుంది, కీ చేరదు, ఇంపోర్ట్ మళ్లీ మొదటినుంచి. ఆ తెరలో కీబోర్డ్ లేఅవుట్ అమెరికన్‌గా ఉంటుంది కాబట్టి పాస్‌వర్డ్‌లో గుర్తులు లేకుండా అక్షరాలు, అంకెలే పెట్టుకోవడం మేలు.

సిరాచుక్క:
ఇక ప్రింటర్. కొత్తపెంగ్విన్ గారూ, మీ ప్రింటర్‌కు గానీ కేబుల్‌కు గానీ ఏమీ కాలేదు. ఒకే పరికరం కోసం ఇద్దరు పోటీ పడుతున్నారు, అంతే.

యూఎస్‌బీ ప్రింటర్ తన ఇంటర్‌ఫేస్‌లను క్లాస్ 7 అని చెప్పుకుంటుంది. అందులో ప్రోటోకాల్ నంబర్ 1 అయితే ఒకవైపు సంభాషణ, 2 అయితే రెండువైపులా, 4 అయితే యూఎస్‌బీ మీద ఐపీపీ (నెట్‌వర్క్ ప్రింటర్లు వాడే ప్రోటోకాల్). ఎల్ఎస్‌యూఎస్‌బీ -వీ లో "బీఇంటర్‌ఫేస్‌ప్రోటోకాల్" లైన్ల దగ్గర చూడండి, మీకు 4 కచ్చితంగా కనిపిస్తుంది.

మీ పాత క్యూ యూఎస్‌బీ:// చిరునామాతో ఉంది, అంటే కప్స్ (లినక్స్‌లో ప్రింటింగ్ చూసే వ్యవస్థ) నేరుగా పరికరాన్ని తెరిచేది. సేన్-ఎయిర్‌స్కాన్‌తోపాటు ఐపీపీ-యూఎస్‌బీ కూడా వచ్చింది. కేబుల్ పెట్టగానే, లేదా బూట్ కాగానే, ఆ సర్వీస్ పరికరాన్ని తన చేతిలోకి తీసుకుని కంప్యూటర్‌లోనే ఒక చిన్న నెట్‌వర్క్ ప్రింటర్‌లా చూపిస్తుంది. పోర్టులు 60000 నుంచి మొదలవుతాయి. ఇక పాత క్యూ తలుపు తట్టినప్పుడల్లా పరికరం బిజీ. అందుకే ఆ "వేచి ఉంది" మెసేజ్.

రెండు దారులున్నాయి, నా సలహా మొదటిదే.

దారి ఒకటి, డ్రైవర్ లేని పద్ధతి. పాత క్యూ తీసేసి కొత్తది పెట్టడం:

సుడో ఎల్‌పీఅడ్మిన్ -ఎక్స్ పాతపేరు
డ్రైవర్‌లెస్
సుడో ఎల్‌పీఅడ్మిన్ -పీ కొత్తపేరు -ఈ -వీ "డ్రైవర్‌లెస్ చూపిన ఐపీపీ చిరునామా" -ఎమ్ ఎవ్రీవేర్

ఇక్కడ -ఈ పెద్దక్షరం, అది -పీ తర్వాతే రావాలి. తర్వాత వస్తే "క్యూను ఎనేబుల్ చేయి" అని, ముందు వస్తే "ఎన్‌క్రిప్షన్ వాడు" అని అర్థం మారిపోతుంది. తడబడితే క్యూ తయారవుతుంది కానీ పాజ్‌లోనే పుడుతుంది, ఎందుకో అర్థం కాక గంటలు పోతాయి.

డ్రైవర్‌లెస్ ఏమీ చూపకపోతే అవాహీ-డెమన్ నడుస్తోందో లేదో చూడండి. ఐపీపీ-యూఎస్‌బీ తన ప్రింటర్‌ను దాని ద్వారానే చాటుతుంది. "నెట్‌వర్క్ ప్రింటర్ లేదు కదా" అని దాన్ని ఆపేసినవాళ్లకు యూఎస్‌బీ ప్రింటర్ కూడా మాయమవుతుంది. సుడో ఐపీపీ-యూఎస్‌బీ చెక్ అని కొడితే అది పరికరాన్ని గుర్తించిందో లేదో నేరుగా చెబుతుంది.

దారి రెండు, పాత పద్ధతిలోనే ఉండాలంటే సర్వీస్‌ను మాస్క్ చేయాలి: సుడో సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ --నౌ ఐపీపీ-యూఎస్‌బీ. డిసేబుల్ చాలదు, కేబుల్ పెట్టగానే యూడెవ్ (కొత్త పరికరాలను గమనించే సర్వీస్) దాన్ని మళ్లీ లేపుతుంది. మాస్క్ చేశాక ప్రింటర్ కేబుల్ తీసి పెట్టండి. అయితే ఎయిర్‌స్కాన్ ద్వారా వచ్చే స్కానర్ దీంతోనే పోతుంది, ఆ సంగతి తెలిసి చేయండి.

పీచుతీగ:
ఇలాంటప్పుడు /డెవ్/యూఎస్‌బీ/ఎల్‌పీ0 కి ఛ్‌మాడ్ 777 (అందరికీ పూర్తి అనుమతి) ఇవ్వమని చాలాచోట్ల రాస్తారు. అది?

సిరాచుక్క:
దయచేసి వద్దు. ఆ ఫైలు యూఎస్‌బీఎల్‌పీ అనే కెర్నల్ మాడ్యూల్‌ది. కప్స్ యూఎస్‌బీ బ్యాకెండ్ లిబ్‌యూఎస్‌బీ ద్వారా వెళ్తుంది, పని ఉన్నంతసేపు ఆ మాడ్యూల్‌ను పక్కకు తప్పిస్తుంది. అంటే మీరు అనుమతి ఇస్తున్నది కప్స్ వాడని తలుపుకు. పైగా కేబుల్ తీసి పెడితే ఆ ఫైలు మళ్లీ కొత్తగా పుడుతుంది, మీరిచ్చిన అనుమతి పోతుంది.

ప్రింటర్లను చేర్చడానికి, తీసేయడానికి అనుమతి లేదని వస్తే మాత్రం యూజర్‌ను ఎల్‌పీఅడ్మిన్ గ్రూపులో చేర్చాలి: సుడో యూజర్‌మాడ్ -ఏజీ ఎల్‌పీఅడ్మిన్ యూజర్‌పేరు. ఇక్కడ జీ పెద్దక్షరం, ఏ చిన్నది. ఆ ఏ మరిచిపోతే యూజర్ ఉన్న మిగతా గ్రూపులన్నిటినుంచీ, సుడోతో సహా, బయటపడతారు. తర్వాత లాగౌట్ అయి రావాలి.

నల్లతెర:
ఇదే చర్చలో అడుగుతున్నాను. ఏఎండీ కార్డు, డెబియన్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నల్లతెర వస్తే నోమోడ్‌సెట్ అనే బూట్ ఆప్షన్ పెట్టడం జరిగింది. ఇప్పుడు తెర వస్తోంది గానీ వీడియో ఆడుతుంటే ప్రాసెసర్ మొత్తం వాడేస్తోంది. జీఎల్ఎక్స్ఇన్ఫో -బీ లో రెండరర్ "ఎల్ఎల్‌వీఎంపైప్" అని ఉంది.

కెర్నల్‌కాపరి:
ఎల్ఎల్‌వీఎంపైప్ అంటే బొమ్మ గీసేది మీ ప్రాసెసర్, కార్డు ఖాళీగా కూర్చుంది. నోమోడ్‌సెట్ ఉన్నంతకాలం అంతే, దాంతో ఏఎండీజీపీయూ డ్రైవర్ మొదలే కాదు. అది తెర రాబట్టి లోపలికి వెళ్లడానికి ఒక్క బూట్ పాటు వాడాల్సిన మాట: గ్రబ్ అనే బూట్ మెనూలో ఈ (e) అక్షరం కీ నొక్కి, "లినక్స్" అని మొదలయ్యే లైన్ చివర చేర్చి, ఎఫ్10. ఇన్‌స్టాలర్ దాన్ని /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో శాశ్వతంగా రాసి ఉంటుంది. అక్కడ తీసేసి సుడో అప్‌డేట్-గ్రబ్ ఇవ్వండి.

అయితే తీసేముందు అసలు జబ్బు చూడాలి. నోమోడ్‌సెట్ లేకుండా ఒకసారి బూట్ చేయండి. నల్లతెర వస్తే కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 ప్రయత్నించండి. అది కూడా రాకపోతే నోమోడ్‌సెట్‌తో తిరిగి వచ్చి, వెనకటి బూట్ లాగ్ చదవండి:

సుడో జర్నల్‌సీటీఎల్ -కే -బీ -1

అందులో ఏఎండీజీపీయూ ఫర్మ్‌వేర్ పేరు, దాని పక్కన "ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2" ఉంటే, ఫైలు దొరకలేదని అర్థం. 2 అంటే "అలాంటి ఫైలు లేదు" అనే కోడ్. డెబియన్ 12 నుంచి ఈ ఫర్మ్‌వేర్ నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే ప్రత్యేక విభాగంలో ఉంటుంది. పాత డెబియన్ నుంచి అప్‌గ్రేడ్ అయినవాళ్ల సోర్సెస్ ఫైల్లో ఆ మాట ఉండదు. చేర్చి, ఆప్ట్ అప్‌డేట్ చేసి, ఫర్మ్‌వేర్-ఏఎండీ-గ్రాఫిక్స్ వేసి, సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ కొట్టండి. చివరి అడుగు మరిచిపోవద్దు, డ్రైవర్ మొదలయ్యేసరికి రూట్ డిస్క్ ఇంకా తెరుచుకుని ఉండకపోవచ్చు, ఫర్మ్‌వేర్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోనే ఉండాలి.

నల్లతెర:
ఎర్రర్ -2 ఉంది, నిజమే. సోర్సెస్‌లో నాన్-ఫ్రీ మాత్రమే ఉంది, నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ లేదు. చేర్చాక రెండరర్ లైన్‌లో కార్డు పేరు వచ్చింది.

పీచుతీగ:
ప్రింటర్ ఎల్ఎస్‌యూఎస్‌బీలోనే రాకపోతే? డీమెస్‌జీలో (కెర్నల్ లాగ్‌లో) "డివైస్ డిస్క్రిప్టర్ రీడ్/64, ఎర్రర్ -71" అని వరసగా వస్తోంది.

సిరాచుక్క:
అక్కడ కప్స్‌ను తాకి లాభం లేదు. -71 ప్రోటోకాల్ లోపం, -110 అయితే సమాధానం రాక సమయం మించడం. రెండూ తీగ స్థాయి గొడవలే ఎక్కువ. ప్రింటర్‌కు కరెంటు సొంతంగా ఉంటుంది కాబట్టి పోర్ట్ పవర్ అనుమానం తర్వాత. ముందు కేబుల్: యూఎస్‌బీ 2 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు, రెండు కేబుళ్లు కలిపి పొడిగించడం అసలు వద్దు. హబ్ తీసేసి, డెస్క్‌టాప్ వెనకవైపు మదర్‌బోర్డ్ పోర్టులో నేరుగా పెట్టండి. ముందువైపు పోర్టులు లోపల ఇంకో తీగ మీద ఆధారపడతాయి. సుడో డీమెస్‌జీ -డబ్ల్యూ (చిన్నది) నడుస్తుండగా కేబుల్ పెట్టి చూస్తే పోర్టు మార్చిన తేడా కళ్లముందే తెలుస్తుంది.

ఇంకో రకం ఉంది: ప్రింటర్ మొదటి పేజీ బాగానే ఇస్తుంది, పది నిమిషాలు ఆగాక పంపితే స్పందించదు, కేబుల్ తీసి పెడితే మళ్లీ బాగు. అది ఆటోసస్పెండ్ (వాడనప్పుడు పరికరాన్ని నిద్రపుచ్చడం). పవర్‌టాప్ --ఆటో-ట్యూన్ వాడేవాళ్లకు ఎక్కువ. ఆ పరికరం పవర్/కంట్రోల్ ఫైల్లో "ఆటో" బదులు "ఆన్" ఉండేలా వెండర్ ఐడీతో ఒక యూడెవ్ రూల్ రాస్తే చాలు. యూఎస్‌బీ మొత్తానికీ ఆటోసస్పెండ్ ఆపనక్కర్లేదు.

"ఫిల్టర్ ఫెయిల్డ్" వస్తే మాత్రం తీగ బాగున్నట్టే, పేజీని ప్రింటర్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్ పడిపోయింది. సుడో కప్స్‌సీటీఎల్ --డీబగ్-లాగింగ్ ఇచ్చి, ఒక్క పేజీ పంపి, /వార్/లాగ్/కప్స్/ఎర్రర్_లాగ్‌లో ఆ జాబ్ నంబర్ వెతకండి. తయారీదారు ఇచ్చిన 32 బిట్ ఫిల్టర్ 64 బిట్ సిస్టమ్ మీద తన లైబ్రరీలు దొరక్క ఆగిపోవడం మామూలే. పని అయ్యాక --నో-డీబగ్-లాగింగ్ ఇవ్వండి, లేకపోతే లాగ్ అనవసరంగా పెరుగుతుంది.

హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటి మోడళ్లు వేరే జాతి. వాటిలో ఫర్మ్‌వేర్ నిలవ ఉండదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి. హెచ్‌పీఎల్ఐపీ (హెచ్‌పీ ప్రింటర్ల లినక్స్ సాఫ్ట్‌వేర్) వాడితే హెచ్‌పీ-ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీఎల్ఐపీ వెర్షన్ ఒకటే అయి ఉండాలి. అప్‌డేట్ తర్వాత ఇలాంటి ప్రింటర్ మూగబోతే మొదట హెచ్‌పీ-ప్లగిన్ మళ్లీ నడపండి.

కొత్తపెంగ్విన్:
మాడ్యూల్స్ ప్యాకేజీలన్నీ 6.8 వే ఉన్నాయి, మీరన్నట్టే. హెచ్‌డబ్ల్యూఈ మెటాప్యాకేజీ వేశాను. రీస్టార్ట్ చేయకముందు ఎన్విడియా-ఎస్ఎంఐ కొడితే ఇప్పుడు "డ్రైవర్/లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్" అంటోంది. ప్రింటర్ కొత్త క్యూతో పేజీ ఇచ్చింది, స్కానర్ కూడా ఉంది.

కెర్నల్‌కాపరి:
ఆ మిస్‌మ్యాచ్ మెసేజ్‌కు భయపడకండి. అది వచ్చిందంటే మాడ్యూల్ లోడ్ అయింది. ఇన్‌స్టాల్ సమయంలో లైబ్రరీలు కూడా అదే 550 వరుసలో ఇంకో చిన్న వెర్షన్‌కు మారాయి, మెమరీలో ఉన్న మాడ్యూల్ నంబరూ డిస్క్ మీద ఉన్న లైబ్రరీ నంబరూ కలవట్లేదు. రీస్టార్ట్ చేయండి. తర్వాత కూడా ఉంటే క్యాట్ /ప్రోక్/డ్రైవర్/ఎన్విడియా/వెర్షన్ చెప్పే నంబర్, డీపీకేజీలో లిబ్‌ఎన్విడియా ప్యాకేజీల నంబర్ పక్కపక్కన పెట్టి చూపించండి.

కొత్తపెంగ్విన్:
రీస్టార్ట్ తర్వాత పోయింది. రెండు మానిటర్లూ వచ్చాయి, ఎల్ఎస్‌పీసీఐలో "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్: ఎన్విడియా" ఉంది. పాత 6.8 కెర్నల్ తీసేయవచ్చా?

కెర్నల్‌కాపరి:
ఒకటి ఉంచండి. కొత్తదానితో ఎప్పుడైనా తెర రాకపోతే గ్రబ్‌లో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" నుంచి దానితో లోపలికి వెళ్లవచ్చు. దానికి ఎన్విడియా మాడ్యూల్ ఎలాగూ మీ దగ్గర ఉంది. అంతకన్నా పాతవి ఉంటే సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్ తీసేస్తుంది. ఎస్ అనేముందు అది చూపే జాబితాలో లినక్స్-మాడ్యూల్స్-ఎన్విడియా పేర్లు ఏవి ఉన్నాయో ఒకసారి చదవండి.